సముద్రం దాటే ముందు పొరుగు పొలం చూడండి

మా కోడలి పుట్టిల్లు వర్జీనియాలోని షెనాండోవా లోయ. ఒకసారి మేము అక్కడికి వెళ్ళినప్పుడు మా వియ్యపురాలు గారు ఒక పాత బైబిలు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టారు. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య పేజీల్లో వాళ్ళ వంశంలోని పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు చేతిరాతతో ఉన్నాయి. అన్నిటికంటే పైనున్న పేరు పక్కన ఒకటే మాట: ఐర్లండ్. ఊరు లేదు, సంవత్సరం లేదు. "ఈయన ఎక్కడినుంచి వచ్చారో మా తాతగారికి కూడా తెలియదు" అన్నారావిడ. మా మనవరాలు నా ఒడిలో కూర్చుని ఆ పేరు మీద వేలు పెట్టి చూస్తోంది. ఆ పిల్లకు మా వైపు ఏడు తరాల పేర్లు నేను చెప్పగలను. తల్లి వైపు ఆ వేలు దగ్గరే ఆగిపోయింది.

నేను ఆంధ్రప్రదేశ్ సర్వే శాఖలో 32 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. గొలుసు లాగాను, హద్దు రాళ్ళు వెతికాను, అన్నదమ్ముల పొలం తగాదాల్లో పాత దస్తావేజులు చదివాను. ఆ పెద్దమనిషి ఎవరో కనుక్కుందామని మొదలుపెట్టిన పని నాలుగేళ్ళుగా సాగుతోంది. అమెరికాలో మన పిల్లలు చాలామంది ఇలాంటి ఇళ్ళతో వియ్యమందారు. వాళ్ళ మనవలకోసం ఎవరైనా ఇదే పని తలపెడితే ఉపయోగపడుతుందని, నేను నేర్చుకున్న పద్ధతి రాస్తున్నాను.

ముందుగా, ఈ జనం ఎవరు? 1600ల తొలినాళ్ళనుంచి స్కాట్లండ్ పల్లపు ప్రాంతాల రైతులు, ఇంగ్లండ్ సరిహద్దు జనం ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్స్టర్‌కు వచ్చి స్థిరపడ్డారు. ఎక్కువమంది ప్రెస్బిటేరియన్ క్రైస్తవులు. భూములు పెద్ద జమీందార్లవి, వీళ్ళు కౌలుదార్లు. 1704 చట్టంతో, రాజ్యపు చర్చికి చెందనివాళ్ళు కాబట్టి, ప్రభుత్వ పదవులకు దూరమయ్యారు. కౌలు గడువు తీరగానే జమీందార్లు కౌలు పెంచేవారు. 1728-29లో పంటలు పోయాయి, 1740-41లో ఘోరమైన కరువు వచ్చింది, 1770ల మొదట్లో నార వస్త్రాల వ్యాపారం కూలింది. 1718లో కొన్ని ఓడలు బోస్టన్ చేరడంతో మొదలైన ఈ ప్రవాహం అమెరికా స్వాతంత్ర్య యుద్ధం దాకా అలలు అలలుగా సాగింది. అమెరికాలో వీళ్ళనే స్కాచ్-ఐరిష్ అంటారు. కానీ మీరు పాత కాగితాల్లో ఆ మాట వెతకవద్దు. ఆ రోజుల్లో వాళ్ళను ఎక్కువగా ఐరిష్ వాళ్ళనే రాశారు.

ఇప్పుడు అందరూ చేసే మొదటి తప్పు. పేరు దొరకగానే "ఏ ఓడలో వచ్చాడు?" అని వెతకడం. నేనూ అదే చేశాను. ఆ ఓడల జాబితా అసలు లేదు. ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్లు పరాయి రాజు ప్రజలు కాబట్టి 1727నుంచి వాళ్ళతో విధేయత ప్రమాణం చేయించి పేర్లు రాసుకున్నారు. అల్స్టర్‌నుంచి వచ్చినవాళ్ళు అప్పటికే బ్రిటిష్ రాజు ప్రజలు. కృష్ణా జిల్లానుంచి గుంటూరు జిల్లాకు మారినవాడి పేరు వంతెన దగ్గర ఎవరు రాసుకుంటారు? ఇదీ అంతే. అమెరికా ప్రభుత్వం ప్రయాణికుల జాబితాలు అడగడం 1820లో మొదలైంది. అందుకని ఓడ సంగతి పూర్తిగా పక్కన పెట్టండి.

రెండో తప్పు నన్ను ఎనిమిది నెలలు తిప్పింది. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షంలో మా పెద్దమనిషి పేరుతోపాటు తండ్రి, తాత, స్కాట్లండ్‌లో ఒక కోట కూడా ఉన్నాయి. సంతోషంతో కోడలికి ఫోను చేశాను. కూర్చుని లెక్క వేస్తే తండ్రి పుట్టింది 1702లో, కొడుకు పుట్టింది 1711లో. ఆ చెట్టును పదుల మంది ఒకరినొకరు చూసి రాసుకున్నారు, అందుకే ప్రతిచోటా అదే కనిపిస్తోంది. వంద నకళ్ళు ఉన్నా మూలపత్రం ఒక్కటీ లేకపోతే దస్తావేజు చెల్లదని మా కచేరీలో గుమాస్తాకు కూడా తెలుసు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. నోట్‌బుక్కులో కుడివైపు పేజీలో విషయం, ఎడమవైపు పేజీలో అది ఏ కాగితంలో చూశానో, ఆ కాగితం ఎక్కడుందో. ఎడమవైపు ఖాళీగా ఉన్న పేరును చెట్టులో పెట్టను. మీరూ ఆ రోజునుంచే మొదలుపెట్టండి, తరువాత గుర్తు తెచ్చుకోవడం అసాధ్యం.

పని మొదలుపెట్టాల్సింది ఇవతలి ఒడ్డున, తెలిసిన తరంనుంచి. 1850 జనగణనలో బానిసలు కాని ప్రతి మనిషి పేరూ ఉంటుంది. అంతకు ముందు 1790దాకా వెనక్కి వెళితే ఇంటిపెద్ద పేరు మాత్రమే ఉండి, మిగతావాళ్ళు తలల లెక్క. వర్జీనియాకు 1790 జనగణన పత్రాలు మిగల్లేదు, కానీ 1782నుంచి ఏటా వేసిన పన్నుల జాబితాలు రిచ్‌మండ్‌లోని వర్జీనియా గ్రంథాలయంలో ఉన్నాయి. ఇవి జనగణనకంటే మేలు, ఎందుకంటే ఏటా వస్తాయి. ఒక ఏడాది తండ్రి పేరు కింద ఉన్న మనిషి మరుసటి ఏడాది విడిగా కనిపిస్తే కొడుక్కి వయసు వచ్చిందని అర్థం. తండ్రి పేరు మాయమై తల్లి పేరు వస్తే ఆయన పోయాడని అర్థం.

స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన వాళ్ళ పింఛను ఫైళ్ళు తప్పకుండా చూడండి. 1832 చట్టం కింద దరఖాస్తు చేసిన ముసలి సిపాయిలను కోర్టులో ఏడు ప్రశ్నలు అడిగారు. మొదటి ప్రశ్నే "ఎక్కడ, ఏ సంవత్సరంలో పుట్టావు?" రెండోది "నీ వయసుకు ఆధారం ఏమైనా ఉందా, ఉంటే ఎక్కడుంది?" ఎనభై దాటిన మనిషి న్యాయమూర్తి ముందు నిలబడి, నేను ఫలానా కౌంటీలో పుట్టాను, మా నాన్న ఫలానా చోటినుంచి ఇక్కడికి తరలివచ్చాడు అని చెప్పుకున్న మాటలు గుమాస్తా రాసుకున్నవి రాసుకున్నట్టు ఉన్నాయి. మీ పూర్వీకుడిది లేకపోయినా ఆయన తమ్ముడిది, బావమరిదిది, పక్క పొలం వాడిది ఉంటుంది. మా వంశంలో పనికొచ్చింది ఒక అల్లుడి ఫైలు.

ఇక నేను ఎక్కువకాలం గడిపిన చోటు, భూమి పత్రాలు. ఈ జనానికి నగలు లేవు, బిరుదులు లేవు. జీవితమంతా భూమి కోసమే తపించారు, అందుకని వాళ్ళ జాడ భూమిలోనే ఉంటుంది. ఫిలడెల్ఫియాలో దిగి, లాంకాస్టర్, యార్క్ మీదుగా పెద్ద బండ్ల దారి పట్టుకుని, పొటోమాక్ నది దాటి షెనాండోవా లోయలోకి, అక్కడినుంచి కరోలినాలకు వెళ్ళారు. లోయలో 1736లో విలియం బెవర్లీకీ ఆయన భాగస్వాములకీ ఒకే పట్టా కింద 1,18,491 ఎకరాలు ఇచ్చారు. బెవర్లీ దాన్ని ముక్కలుగా అమ్మాడు. మా పెద్దమనిషి కొన్నది అందులో ఒక ముక్క.

పాత దస్తావేజు చేతికి రాగానే చాలామంది పేరు, తేదీ, ఎకరాలు రాసుకుని పేజీ తిప్పేస్తారు. దయచేసి అలా చేయకండి. హద్దుల పేరా చదవండి. మన దస్తావేజుల్లో చెక్కుబంది ఉన్నట్టే అక్కడా ఉంటుంది: "వాగు ఒడ్డున తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, దక్షిణానికి 40 డిగ్రీలు పడమరగా 120 పోళ్ళు నడిచి, ఫలానా వారి మూలలో ఉన్న రెండు హికరీ చెట్ల దాకా" అనే తీరులో సాగుతుంది. నేను మొదటిసారి చదివినప్పుడు చెయ్యి కాసేపు ఆగిపోయింది. పోల్ అంటే పదహారున్నర అడుగులు, అంటే మా గొలుసులో సరిగ్గా 25 లింకులు. నాలుగు పోళ్ళయితే 66 అడుగుల గొలుసు. వాళ్ళ సర్వేయరు ఆ లోయ కొండల్లో లాగిన గొలుసూ, నేను గుంటూరు జిల్లా నల్లరేగడిలో లాగిన గొలుసూ ఒకే కొలత.

గీసే పద్ధతి చెబుతాను, సర్వేయరు కానక్కరలేదు. గ్రాఫు కాగితం, కోణమానిని, స్కేలు చాలు. ఒక అంగుళానికి 40 పోళ్ళు లెక్క పెట్టుకోండి, 120 పోళ్ళు మూడు అంగుళాలవుతుంది. మొదటి చెట్టుకు ఒక చుక్క పెట్టి, ఉత్తర దక్షిణాల గీత గీసి, చెప్పిన డిగ్రీలు చెప్పిన వైపుకు తిప్పి గీత లాగండి. ఆ గీత చివర మళ్ళీ ఉత్తర దక్షిణాల గీత, మళ్ళీ కోణం. అన్ని గీతలూ అయ్యాక మొదటి చెట్టు దగ్గరికి తిరిగి రావాలి. కొద్దిగా తేడా ఉంటే ఫరవాలేదు, వాళ్ళు కొండల మీద అడవిలో కొలిచారు. బాగా తేడా వస్తే గుమాస్తా ఒక గీత వదిలేశాడు, లేదా తూర్పుకు పడమర రాశాడు. 160 చదరపు పోళ్ళు ఒక ఎకరం, విస్తీర్ణం వేసి చూస్తే తప్పు ఎక్కడుందో చాలాసార్లు బయటపడుతుంది. ఒక మాట గుర్తుంచుకోండి: వాళ్ళది దిక్సూచి ఉత్తరం, రెండున్నర శతాబ్దాల్లో అది కొన్ని డిగ్రీలు జరిగింది. నేటి పటం మీద పెట్టినప్పుడు మీ కాగితాన్ని మొత్తంగా కొంచెం తిప్పితే గాని వాగు వంపులో కూర్చోదు.

ఇలా గీసిన ముక్కను కత్తిరించి పక్కన పెట్టండి. తరువాత ఆ దస్తావేజులో "ఫలానా వారి మూల" అని వచ్చిన ప్రతి పొరుగువాడి దస్తావేజూ తీసి అదే కొలతలో గీయండి. మా ఇంటి భోజనాల బల్ల మీద పదిహేడు ముక్కలు చేరాయి. మనవరాలు వాటికి రంగులు వేసింది. రెండు హికరీ చెట్లు రెండు కాగితాల్లో ఉంటే అవి పక్కపక్కన అతుక్కుంటాయి. ఒకనాటి సాయంత్రం తొమ్మిది ముక్కలు వాగు వెంట వరసగా అమరిపోయాయి. ఆ తొమ్మిది ఇళ్ళలో ఐదింటి ఆడపిల్లలు పక్క ఇళ్ళ కోడళ్ళు. ఒకరి వీలునామాకు మరొకరు సాక్షులు. ఒకరి అప్పుకు మరొకరు జామీను. వీళ్ళు ఎక్కడో కలుసుకుని ఇక్కడ పొరుగువారైనవాళ్ళు కాదు, వచ్చేటప్పుడే కలిసి వచ్చినవాళ్ళు అనిపించింది నాకు. ఈ పని మొత్తానికి తాళంచెవి అదే. మీ మనిషి ఊరు ఏ కాగితమూ చెప్పకపోవచ్చు, పొరుగువాడి ఊరు ఏదో ఒక కాగితం చెబుతుంది. అందుకని ఒక్క పేరు పట్టుకుని వేలాడకండి, పేట మొత్తాన్ని వెతకండి.

భూమి పత్రాలతో వచ్చే చిక్కులు కొన్ని. 1700ల వర్జీనియాలో ఒకే అమ్మకానికి రెండు పత్రాలుంటాయి. మొదటి రోజు ఐదు షిల్లింగులకు ఏడాది కౌలు, మర్నాడే అసలు అమ్మకం. కౌలు పత్రం చూసి మీవాడు కౌలుదారు అనుకోవద్దు, రెండో పత్రం కోసం తరువాతి పేజీ చూడండి. భూమి అమ్మేటప్పుడు భార్య తన మనోవర్తి హక్కు వదులుకున్నట్టు రాసిన వాక్యం ఒక్కోసారి ఆమె పేరు దొరికే ఏకైక చోటు. ఒకే పేరు మనుషులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. మా లోయలో అదే పేరుతో ముగ్గురున్నారు. భార్య పేరు, వాగు పేరు, సంతకం, ఈ మూడింటితో విడదీశాను. మావాడు సంతకం చేయలేడు, నిశాని పెట్టేవాడు. అడ్డంగా ఒక గీత, దాని మీద చిన్న కొక్కెం. ఆ కొక్కెం పదకొండు కాగితాల్లో అలాగే ఉంది. మిగతా ఇద్దరిలో ఒకడు చక్కగా సంతకం చేస్తాడు.

ఆ రోజుల్లో వర్జీనియాలో నాలుగేళ్ళకొకసారి పొరుగువాళ్ళంతా కలిసి పొలాల హద్దులు తిరిగి, చెట్ల మీద గుర్తులు కొత్తగా చెక్కి, చర్చి పాలకమండలి పుస్తకంలో రాయించాలని చట్టం. అగస్టా పారిష్, అంటే అక్కడి చర్చి పరిధి, దాని పుస్తకం 1740ల చివరినుంచి ఉంది. ఎవరు ఎవరితో కలిసి నడిచారో అందులో ఉంటుంది. హద్దు రాళ్ళ వెంట నడిచి బతికినవాణ్ణి, ఆ పేజీలు చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

కౌంటీల సరిహద్దులు కూడా చూసుకోండి. అగస్టా కౌంటీకి చట్టం 1738లో వచ్చింది, కోర్టు పని మొదలైంది 1745లో. మధ్య కాలపు కాగితాలు ఆరెంజ్ కౌంటీలో ఉన్నాయి. 1778లో అగస్టానుంచి రాకింగ్‌హామ్ కౌంటీ, అగస్టా, బోటెటూర్ట్ కౌంటీల ముక్కలతో రాక్‌బ్రిడ్జ్ కౌంటీ పుట్టాయి. మనిషి ఇల్లు కదలకుండానే మూడు కౌంటీలు మారతాడు. మనకు 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు పాత రికార్డు ఏ కచేరీలో ఉందో వెతుక్కున్నవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. పెన్సిల్వేనియాలోనూ అంతే. లాంకాస్టర్ కౌంటీ పుట్టింది 1729లో, అంతకు ముందు కాలానికి చెస్టర్ కౌంటీ చూడాలి. వర్జీనియాలో మీ మనిషి కనిపించిన ఏడాదికి ముందు పది పదిహేనేళ్ళు లాంకాస్టర్ కౌంటీలో డోనెగల్, పాక్స్‌టాంగ్ టౌన్‌షిప్పుల్లో ఆ పొరుగు పేర్లన్నీ కలిపి వెతకండి.

ఆరెంజ్ కోర్టు పుస్తకాల్లో ఒక నిధి ఉంది. 1739-40 ప్రాంతంలో ఎంతోమంది కోర్టుకు వచ్చి, "నేను, నా భార్య ఫలానా, నా పిల్లలు ఫలానా ఫలానా, సొంత ఖర్చుతో ఐర్లండ్‌నుంచి ఫిలడెల్ఫియాకు, అక్కడినుంచి ఈ వలసరాజ్యానికి వచ్చాం" అని ప్రమాణం చేశారు. తలకు 50 ఎకరాల హక్కు కోసం. ఓడల జాబితా లేని లోటు ఇది కొంత తీరుస్తుంది. భార్యాబిడ్డల పేర్లతో సహా ఒక కుటుంబం మొత్తం ఒకే వాక్యంలో దొరకడం ఆ కాలానికి అరుదు. మా తొమ్మిది ఇళ్ళలో మూడు ఇళ్ళవాళ్ళు అక్కడ ప్రమాణం చేశారు. మావాడు చేయలేదు. కానీ ఆ ముగ్గురిలో ఒకడి భార్య పేరూ, నలుగురు పిల్లల పేర్లూ తరువాత నాకు వీలునామాలో గుర్తుపట్టడానికి సరిగ్గా పనికొచ్చాయి.

సొంత ఖర్చు లేనివాళ్ళు నాలుగైదేళ్ళ చాకిరీకి ఒప్పుకుని వచ్చారు. ఆ ఒప్పందాలు చాలావరకు పోయాయి. ఫిలడెల్ఫియా మేయరు కచేరీలో 1771నుంచి 1773 వరకు నమోదైనవి మిగిలి అచ్చయ్యాయి. పారిపోయిన నౌకర్ల కోసం యజమానులు పెన్సిల్వేనియా గెజెట్ పత్రికలో వేసిన ప్రకటనలు చదవండి. ఎత్తు, జుట్టు రంగు, కట్టుకున్న బట్టలు, మాట తీరు దాకా ఉంటాయి. చదవడానికి మనసుకు కష్టంగా ఉంటుంది, అయినా చదవాలి.

చర్చి పుస్తకాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. వర్జీనియాలో విప్లవ కాలం దాకా ప్రెస్బిటేరియన్ పాదిరి చేసిన పెళ్ళికి చట్టబద్ధత లేదు, అందుకే నమోదులు తక్కువ. అగస్టాలో మాత్రం రెవరెండ్ జాన్ క్రెయిగ్ 1740నుంచి 1749 వరకు ఇచ్చిన బాప్టిజాల పుస్తకం మిగిలింది. ఫిలడెల్ఫియాలోని ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీలో ఇలాంటివి ఏమేమి ఉన్నాయో మీ కౌంటీ పేరు చెప్పి అడగండి.

తేదీల గురించి ఒక జాగ్రత్త. 1752కు ముందు వాళ్ళ సంవత్సరాది మార్చి 25. మన ఉగాది లాగే వసంతంలో. అంచేత 1739 డిసెంబరు తరువాత వచ్చేది 1739 జనవరే. అన్న ఏప్రిల్‌లో, తమ్ముడు అదే ఏడాది జనవరిలో పుట్టినట్టు కనిపిస్తే కంగారు పడి చెరిపేయకండి, ఆ జనవరి ఏప్రిల్ తరువాత దాదాపు తొమ్మిది నెలలకు వచ్చింది. నేను జనవరి 1నుంచి మార్చి 24 దాకా వచ్చే ప్రతి తేదీకీ 1739/40 అని రెండు సంవత్సరాలు రాసుకుంటాను.

పేర్ల విషయంలో మన ఇళ్ళ తీరే. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండో ఆమెకు నాయనమ్మ పేరు పెట్టే అలవాటు అల్స్టర్ జనంలో ఉంది. ఇది దారి చూపుతుంది, రుజువు కాదు. ఇంటిపేరు అక్షరాలు గుమాస్తా చెవిని బట్టి మారతాయి. పేరు ముందు 'మక్' అనే ముక్క ఉండవచ్చు, పోవచ్చు. బిగ్గరగా చదవండి, చెవికి ఒకేలా వినిపించిన ప్రతి పేరూ వెతకండి.

ఇంత చేశాక అవతలి ఒడ్డు. అక్కడ ముందుగా తెలుసుకోవాల్సిన దుర్వార్త: 1922 జూన్ 30న డబ్లిన్‌లో అంతర్యుద్ధంలో ప్రభుత్వ రికార్డుల భవనం కాలిపోయింది. వీలునామాలు, పాత జనగణనలు, రాజ్యపు చర్చి పుస్తకాల్లో పెద్ద భాగం బూడిదయ్యాయి. ముందే ఎవరో నకలు రాసుకున్నవి మాత్రం మిగిలాయి. మనకు కావలసింది ఆ నకళ్ళే. 1660ల పొయ్యి పన్ను జాబితాలు, 1740 ప్రొటెస్టెంట్ ఇంటిపెద్దల జాబితా, 1766 మతాల లెక్క, 1775లో ప్రెస్బిటేరియన్లు పెట్టుకున్న అర్జీలు, ఇవన్నీ ముక్కలు ముక్కలుగా, కొన్ని పారిష్‌లకే ఉన్నాయి. 1796 అవిసె (నార బట్టలకు నార ఇచ్చే మొక్క) రైతుల జాబితా వేరు. ఎకరం అవిసె వేసిన రైతుకు నాలుగు రాట్నాలు, ఐదెకరాలు వేస్తే ఒక మగ్గం ప్రభుత్వం ఇచ్చింది. అలా వేల పేర్లు నిలిచాయి. మీ మనిషి అప్పటికి వచ్చేసి ఉంటాడు, కానీ అక్కడే ఉండిపోయిన అన్నదమ్ముల పిల్లలు ఉంటారు. ఇంటిపేర్లు ఏ పారిష్‌లో గుంపుగా ఉన్నాయో చూడటానికి వాడండి.

ఈ అవిసెకే మరో ముడి ఉంది. నార సన్నగా రావాలని అల్స్టర్ రైతులు అవిసెను గింజ ముదరకముందే పీకేవారు, విత్తనం అమెరికానుంచి తెప్పించుకునేవారు. విత్తనం దింపిన ఓడలు తిరుగు ప్రయాణంలో మనుషుల్ని ఎక్కించుకునేవి. బెల్ఫాస్ట్, డెర్రీ, న్యూరీ, లార్న్, పోర్ట్‌రష్ ఆ రేవులు. మీ కుటుంబంలో "డెర్రీనుంచి వచ్చారు" అన్న మాట ఉంటే అది ఓడ ఎక్కిన రేవు కావచ్చు, పుట్టిన ఊరు కానక్కరలేదు. విజయవాడలో రైలెక్కిన ప్రతివాడూ విజయవాడవాడు కాదు కదా.

అక్కడ వెతకాల్సిన చివరి చోటు పేరు టౌన్‌ల్యాండ్. మన పొలాల పేర్లున్న చిన్న పల్లె అనుకోండి. ఐర్లండ్ మొత్తంలో అరవై వేలకు పైగా ఉన్నాయి. కొన్ని టౌన్‌ల్యాండ్లు ఒక పారిష్, పారిష్‌లు కలిసి బారనీ, ఆ పైన కౌంటీ. పారిష్ తెలియగానే ఆ భూమి ఏ జమీందారుదో కనుక్కోండి, ఎందుకంటే కౌలు పుస్తకాలు జమీందారీల కాగితాల్లో ఉంటాయి. అవి చాలావరకు బెల్ఫాస్ట్‌లోని ప్రభుత్వ రికార్డుల కార్యాలయంలో భద్రంగా ఉన్నాయి. మూడు ప్రాణాల కౌలు అని ఒక పద్ధతి ఉంది. పత్రంలో రాసిన ముగ్గురు మనుషుల్లో ఒక్కరైనా బతికున్నంత కాలం కౌలు నడుస్తుంది, అందుకని రైతు తన చిన్న పిల్లల పేర్లు రాయించేవాడు. ఆ పిల్లలు ఉన్నారా పోయారా అని జమీందారు మనిషి ఆరా తీసేవాడు. "అమెరికా వెళ్ళాడు" అన్న రెండు మాటలు దొరికితే దొరికేది అక్కడే. డబ్లిన్‌లో 1708నుంచి నడుస్తున్న రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ కూడా మంటల్లో పడలేదు, అయితే అందులో పెద్ద రైతులే ఎక్కువ.

డీఎన్ఏ పరీక్ష గురించి అడుగుతారు. తండ్రినుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము పరీక్ష, ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలనుంచీ ఒక్కొక్క మగవారసుడు చేయించుకుంటే, ఆ రెండూ ఒకటేనా కాదా తేల్చడానికి సాయపడుతుంది. మేము వియ్యపురాలి తమ్ముడి చేత చేయించాం. మామూలు పరీక్ష మాత్రం ఏడెనిమిది తరాల వెనక్కి పెద్దగా అందదు. కాగితాల పని అయ్యాక చేయండి.

మాకు దారి చూపినది వాగు వెంట మూడో ముక్క యజమాని వీలునామా. మా పెద్దమనిషి దానికి సాక్షి, కొక్కెం నిశానితో సహా. అందులో ఆయన "ఐర్లండ్ రాజ్యంలో, ఆంట్రిమ్ కౌంటీ, బాలిమనీ దగ్గర ఉన్న నా తమ్ముడికి" పది పౌన్లు రాశాడు. నేను 1740 జాబితా నకలు తెరిచాను. బాలిమనీలో ఆ తమ్ముడి పేరు ఉంది. అదే పారిష్‌లో మా వాగు ఒడ్డు తొమ్మిది ఇంటిపేర్లలో ఐదు ఉన్నాయి. మావాడి ఇంటిపేరు రెండుసార్లు ఉంది. మా వియ్యపురాలు గారికి చూపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, బైబిలు మూసి ఆ కాగితం దాని మీద పెట్టారు. ఆ ఇద్దరిలో ఒకరు తండ్రి అని నేను రాయలేదు. ఎడమవైపు పేజీ ఇంకా ఖాళీగా ఉంది.

ఈ వేసవిలో ఆవిడ బెల్ఫాస్ట్ వెళ్తున్నారు. ఒక చీటీ రాసి ఇచ్చాను. ఆంట్రిమ్ ప్రభువుల ఎస్టేటు కాగితాలు అడగమని, బాలిమనీ పారిష్ కౌళ్ళు 1720నుంచి 1745 వరకు చూడమని, ఐదు ఇంటిపేర్లు, వాటిని ఎన్ని రకాలుగా రాయవచ్చో ఆ రూపాలన్నీ, ఫోటో తీసేటప్పుడు పేజీ అంచున ఉన్న చిన్న అక్షరాలు కూడా పడేలా తీయమని. చీటీ చివర మనవరాలు ఆ కొక్కెం నిశాని బొమ్మ గీసింది, అది కనిపిస్తే వెంటనే ఫోను చేయమని.